పగటి కునుకును వర్ణించు మాటలు

వేసవి మధ్యాహ్నమును గూర్చి వ్యాసము వ్రాయునప్పుడు విద్యార్థులు 'భోజనానంతరము అందఱును నిద్రపోయిరి' అని యొక్క మాటతో ముగించుటను మేము తఱచుగా చూచుచున్నాము. ఆ మాట తప్పు గాదు. కాని రాత్రి 8 గంటల నిద్రకును, పడవనీడను పావుగంట కన్ను మూయుటకును ఆ యొక్క మాటయే వాడినచో చదువువానికి భేదము తెలియదు. పగటి కునుకునకు మన తెలుగున మాటలు పెక్కు గలవు. ఒక్కొక్కదాని యర్థచ్ఛాయ వేఱు. వానిని వరుసగా నేర్చికొందము.

మొదట, నిద్ర వచ్చు తీరును తెలుపు మాటలు. ఆవులింతలు వచ్చును, కన్నులు బరువెక్కును, ఱెప్పలు వాలును. ఇవి యింకను మెలకువలోనివే. పిమ్మట కూర్చున్నవాడు 'తూగును', లేక 'జోగును', లేక 'కునికిపాట్లు పడును'. ఈ మూడింటిని ఒకదానికి బదులొకటి వాడుట కలదు గాని, పరిశీలించినచో భేదము తోచును. తూగుటలో శరీరమంతయు ఇటునటు ఊగును. 'తూగుటుయ్యాల' యను మాటలో నున్నదియు నీ తూగే. కునికిపాటులో తల ముందునకు వ్రాలి, ఉలికిపాటుతో మరల పైకి లేచును. జోగుట యెడతెగని మందస్థితి. పలాస రైలునిలయమున మూటను ఒడిలో బెట్టుకొని బండికై కాచుకొన్న వృద్ధుని గూర్చి యిట్లు వ్రాయవచ్చును: 'తాత తూగుచుండెను, బండి కూత విని యులికిపడెను, తన బండి కాదని తెలిసి మరల తూగెను.' నిద్ర యను మాట లేకయే నిద్ర కన్నులకు గట్టినది.

రెండవది, పండుకొనువారి విషయము. 'నడుము వాల్చెను' అన్నచో మేను నేలకు జేర్చెనని మాత్రమే యర్థము. నిద్ర పట్టవచ్చును, పట్టకపోవచ్చును. 'కునుకు తీసెను' అన్నచో తానై కోరి నిద్రించెను. 'కునుకు పట్టెను' అన్నచో కోరకయే నిద్ర వచ్చెను. క్రియ యొక్కటి మారుటచే కథయే మారుచున్నది. తెల్లవాఱకమునుపే వేటకు బోయి భావనపాడు తీరమునకు మరలిన మత్స్యకారుడు వలలు సర్ది, పడవనీడను కునుకు తీయును. జీడిపిక్కల కర్మాగారమున ఉదయమునుండి పప్పుపై పొట్టు తీసిన స్త్రీకి, అన్నము తిని గోడకు జేరగిలబడగానే కునుకు పట్టును. మొదటిది విశ్రాంతి, రెండవది అలసట.

మూడవది, నిద్రయొక్క లోతు. చెవులు వినుచుండగా కన్నులు మాత్రము మూతపడినది 'మాగన్ను'. పలుమాఱు తెగునది 'కలతనిద్ర'. క్షణకాలముండి పోవునది 'కోడికునుకు'. చిన్న సవ్వడికే మెలకువ వచ్చునది 'శ్వాననిద్ర'. విద్యార్థి కుండవలసిన లక్షణములలో దీనిని పూర్వులు చేర్చిరి. వీనికి ప్రతిగా 'గాఢనిద్ర', 'మొద్దునిద్ర' యనునవి గలవు. నేటి శరీరశాస్త్రమును ఈ భేదమును బలపఱచుచున్నది. 20 నిమిషములలోపల లేచినవాడు సాధారణముగా తేలికనిద్రనుండియే లేచును గనుక చుఱుకుగా నుండును. గంటసేపు పండుకొన్నవాడు గాఢనిద్రలోనికి దిగుటవలన, లేచిన పిదప కొంతసేపు 'నిద్రమబ్బు'తో నుండును. పరీక్షలకు చదువుకొనువారు దీనిని గుర్తుంచుకొందురు గాక.

ఇక, తూచి వాడవలసిన మాటలు కొన్ని కలవు. 'సోమరి', 'నిద్రమొగము' అనునవి నిద్రను వర్ణింపవు. నిద్రించువానికి శిక్ష విధించును. మధ్యాహ్నము 1 గంట మొదలు 3 గంటలవఱకు మందత కలుగుట భోజనమువలననే గాదు. భోజనము చేయకున్నను దేహములోని కాలగతిచే నది కలుగును. చరకసంహిత సాధారణముగా పగటినిద్రను నిషేధించినను, గ్రీష్మమున దాని ననుమతించినది. బరువులు మోసి, దూరము నడచి, చదివి యలసినవారికిని, బాలురకును వృద్ధులకును ఎల్లకాలములయందును అనుమతించినది. స్పెయిను దేశమున పగటి కునుకునకు 'సియెస్టా' యని పేరు. ఆ మాట 'ఆఱవగంట' యను లాటిను పదమునుండి పుట్టినది; ప్రాచీన రోమకుల లెక్కలో నది నడిమధ్యాహ్నము. తెల్లవాఱుజామున 3 గంటలకు లేచిన తండ్రి 12 గంటలకు కన్ను మూసినచో, అప్పటికే అతడు 9 గంటలు మేలుకొనియున్నాడు. ఈ లెక్క వేయక 'సోమరి' యని వ్రాయువాని కలము అబద్ధమాడును.

నిద్రించిన చోటును వర్ణనలో భాగమే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాసకు సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానమున కొబ్బరిచెట్లును జీడిమామిడితోటలును విరివిగా కూలెను. చెట్టే లేనిచోట 'చెట్టునీడను కునికెను' అని అలవాటుచే వ్రాయరాదు. నీడ దేనిదో చూచి వ్రాయవలెను.

కడపటి విషయము మిక్కిలి ముఖ్యమైనది. కునుకును మగతయు ఒక్కటి గావు. కునుకు తీయువాడు, పేరుపెట్టి పిలిచి భుజము తట్టినచో, కన్ను తెఱచి పొందికగా బదులు పలుకును. 'మగత'లో నున్నవాడు సులభముగా లేవడు. లేచినను తడబడి పలుకును. 'సొమ్మసిల్లుట', 'స్మారకము తప్పుట' అంతకంటె తీవ్రములు. వేసవిలో పొలమున పనిచేసి పడియున్నవాని ఒడలు కాలుచు, మాట తడబడుచున్నచో అది వడదెబ్బ కావచ్చును. మూత్రపిండవ్యాధి చిరకాలముగా బాధించుచున్న మన ఉద్దానమున, రోగి పగలెల్ల మగతగా నుండుటయు వైద్యునికి వెంటనే చెప్పవలసిన గుర్తే. 'నాన్న పండుకొన్నాడు' అని బిడ్డ చెప్పినచో పెద్దలు ఊరకుందురు. 'నాన్న మగతగా నున్నాడు, పిలిచిన పలుకుటలేదు' అని చెప్పినచో పరుగున వత్తురు. అట్టివానిని నీడకు జేర్చి, ఒడలిని తడిపి విసరుచు, 108కి ఫోను చేయవలెను. స్మారకము లేనివాని నోట నీరు పోయరాదు.

అభ్యాసము: (1) 'కునుకు తీసెను', 'కునుకు పట్టెను' అను వానితో నొక్కొక్క వాక్యము వ్రాయుడు. (2) మీ యింట మధ్యాహ్నము కన్ను మూయువారి నొకరిని చూచి, 'నిద్ర' యను మాట వాడక అయిదు వాక్యములలో వర్ణింపుడు. (3) ఆ దినము వారు ఏ గంటకు లేచిరో అడిగి తెలిసికొని, ఆఱవ వాక్యముగా జేర్పుడు. ఈ మూడవ అభ్యాసమును బిడ్డలచే ఇంట చదివించి వినవలెనని తల్లిదండ్రులను కోరుచున్నాము.