రసాయనాల రవాణా: కాగితాలు సరిచూచే కొత్త ఏజంటు

బజారులో ఏజంటు అంటే కమీషను మీద సరుకు ఇప్పించే మనిషి. కంప్యూటరు రంగంలో ఇప్పుడు ఈ మాటకు మరో అర్థం ఏర్పడింది. అప్పగించిన పనిని మెట్లుగా విడదీసుకొని, కాగితాలు చదివి, ఒకదానితో ఒకటి సరిపోల్చి, తేడా ఉన్నచోట మనిషిని పిలిచే కృత్రిమ మేధ కార్యక్రమాన్ని ఎ.ఐ. ఏజంటు అంటున్నారు. రసాయనాల వర్తకంలో దీని వలన కలిగే ప్రయోజనం ఎంత, ప్రమాదం ఎక్కడ అన్నది ఈ పాఠంలోని విషయం.

అమీర్‌పేటకు ఈ విషయంతో దగ్గరి సంబంధం ఉన్నది. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. సంస్థ బాలానగర్‌లో మందుల కర్మాగారం పెట్టిన తరువాత, దాని చుట్టూ హైదరాబాదులో బల్కు డ్రగ్సు పరిశ్రమ పెరిగింది. కర్మాగారాలు జీడిమెట్ల, పటాన్‌చెరు, పాశమైలారం వైపు వెళ్ళగా, కార్యాలయాలు చాలావరకు అమీర్‌పేట పరిసరాలలో నిలిచాయి. 1984లో స్థాపితమైన డాక్టర్ రెడ్డీస్ సంస్థ చిరునామా చాలాకాలం అమీర్‌పేటయే. దివీస్ కార్యాలయం కూడా ఒకప్పుడు ధరమ్ కరణ్ రోడ్డులోనే ఉండేది. కంప్యూటరు విద్య నేర్పే సంస్థలకు పేరుబడ్డ మైత్రీవనం వీధులు కూడా వీటికి కూతవేటు దూరమే.

సరుకు కనబడని వ్యాపారం

ఇక్కడి రసాయనాల వర్తకుడు తాను అమ్మే సరుకును తరచుగా కంటితో చూడడు. రేవు దగ్గరి అమ్మకందారు నుండి టాంకరు నేరుగా కర్మాగారానికి పోతుంది. బిల్లు మాత్రం అమీర్‌పేట మీదుగా తిరుగుతుంది. పన్నుల భాషలో దీనిని 'బిల్ టు–షిప్ టు' అంటారు. సరుకు కదలిక ఒకటే, ఇన్‌వాయిసులు రెండు. కనుక ఈ వర్తకుని చేతిలో నిజంగా ఉండేవి కాగితాలే. అవి తప్పయితే ఆయనకు తెలిసే మార్గం మరొకటి లేదు.

ఉదాహరణకు, ముంబయి దగ్గరి నవాషేవా నుండి జీడిమెట్లకు 20 టన్నుల మిథనాల్ టాంకరు బయలుదేరుతున్నదనుకొందాం. మన దేశం వాడే మిథనాల్‌లో ఎక్కువ భాగం దిగుమతి సరుకే. ధర లెక్క కొరకు కిలోకు 40 రూపాయలనుకొంటే సరుకు విలువ 8 లక్షలు, దాని మీద 18 శాతం జి.ఎస్.టి. 1 లక్షా 44 వేలు. ఈ టాంకరు వెంట ఇన్‌వాయిసు, ఇ-వే బిల్లు, సరుకు భద్రతా పత్రం, నాణ్యతా ధ్రువపత్రం, డ్రైవరుకు ఇచ్చే ప్రమాద సూచనల కార్డు ఉండాలి. డ్రైవరు లైసెన్సు మీద ప్రమాదకర సరుకులకు అనుమతి ఉండాలి. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం టాంకరు మీద సరుకు పేరు, ఐక్యరాజ్యసమితి సంఖ్య, అత్యవసర ఫోను నంబర్లతో పలక ఉండాలి. వాహనం సురక్షితమైనదో కాదో చూచుకొనే బాధ్యత, సరుకు సమాచారం పూర్తిగా ఇచ్చే బాధ్యత సరుకు పంపేవారిమీద కూడా ఉన్నవి.

మిథనాల్ విషం గనుక 1919 విష పదార్థాల చట్టం క్రింద రాష్ట్రాలు చేసిన నియమాలు కూడా చూచుకోవాలి. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్ళకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా త్రాగి 60 మందికి పైగా మరణించారు. సరుకు ఎవరి నుండి ఎవరికి, ఎంత చేరిందన్న లెక్క తప్పితే దాని పర్యవసానం పన్నుల వరకే ఆగదు.

రెండంకెలు తారుమారైతే

మిథనాల్ ఐక్యరాజ్యసమితి సంఖ్య 1230. గుమాస్తా తొందరలో 1203 అని కొట్టాడనుకొందాం. 1203 పెట్రోలు సంఖ్య. దారిలో టాంకరు బోల్తాపడి మంట రేగితే అగ్నిమాపక దళం పలక చూచి పెట్రోలుకు తగిన నురుగు తెస్తుంది. పెట్రోలు నీటిలో కలవదు, మిథనాల్ కలుస్తుంది. సాధారణ నురుగు మిథనాల్ మీద నిలవక విరిగిపోతుంది. దానికి ఆల్కహాలును తట్టుకొనే ప్రత్యేకమైన నురుగు కావాలి. పైగా మిథనాల్ మంట పగటి వెలుతురులో సరిగా కనబడదు.

పన్ను శాఖ చిన్న తప్పులను కొంతవరకు మన్నిస్తుంది. 2018 సెప్టెంబరు నాటి సర్క్యులరు ప్రకారం వాహనం నంబరులో ఒకటి రెండు అక్షరాలో అంకెలో తప్పినప్పుడు కేంద్ర, రాష్ట్ర చట్టాల క్రింద చెరి 500, మొత్తం 1,000 రూపాయల జరిమానాతో పోతుంది. రసాయనం సంఖ్యలో తప్పుకు అటువంటి మినహాయింపు నిప్పు ఇవ్వదు.

ఇ-వే బిల్లు గడువు మరో మెలిక. 2021 జనవరి 1 నుండి ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇస్తున్నారు. దారి 700 కిలోమీటర్లనుకొంటే నాలుగు రోజులు. టాంకరు షోలాపూరు దగ్గర మరమ్మతుకు నిలిచిపోతే, గడువు ముగియటానికి ముందు 8 గంటలలో గాని, తరువాత 8 గంటలలో గాని పొడిగించుకోవాలి. ఆ సమయం అర్ధరాత్రి పడితే కార్యాలయంలో ఎవరూ ఉండరు. వాహనం పట్టుబడి, యజమాని ముందుకు వచ్చినా, పన్నుకు రెట్టింపు జరిమానా పడవచ్చును. పై ఉదాహరణలో అది 2 లక్షల 88 వేలు. ఒక టాంకరు మీద వర్తకునికి మిగిలే తేడాతో పోల్చుకొంటే దీని బరువు తెలుస్తుంది.

ఏజంటు చేసే పని

ఇక్కడ ఎ.ఐ. ఏజంటు ఉపయోగం స్పష్టం. ఇన్‌వాయిసులో ఉన్న సరుకు పేరు, భద్రతా పత్రంలోని సంఖ్య, పలక ఫోటోలో కనబడే అంకెలు మూడూ ఒకటేనా అని చూస్తుంది. డ్రైవరు అనుమతి గడువు, వాహనం ఫిట్‌నెస్ గడువు ప్రయాణం ముగిసేవరకు ఉన్నవా అని లెక్క కడుతుంది. టాంకరు ఎక్కడ ఉన్నదో తెలుసుకొని, ఇ-వే బిల్లు గడువు లోపల చేరదనిపిస్తే రాత్రివేళ అయినా యజమానికి ఫోను సందేశం పంపుతుంది. పొడిగింపు దరఖాస్తు ముసాయిదా తయారుచేసి ఉంచుతుంది.

సరుకును బట్టి నియమం మారటం కూడా అది గుర్తుచేయగలదు. ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ అయితే 2013 మాదకద్రవ్యాల నియంత్రిత పదార్థాల ఉత్తర్వు క్రింద కొనేవారికీ అమ్మేవారికీ రిజిస్ట్రేషను కావాలి. థయోనైల్ క్లోరైడ్ అయితే రసాయన ఆయుధాల ఒడంబడిక మూడవ జాబితాలోనిది గనుక ఎగుమతికి వేరే షరతులు ఉంటాయి.

నిలవ సరుకుపై నిఘా మరొక ఉపయోగం. బీరూటు రేవులో ఏళ్ళ తరబడి పడి ఉన్న సుమారు 2,750 టన్నుల అమోనియం నైట్రేటు 2020 ఆగస్టు 4న పేలి 200 మందికి పైగా చనిపోయారు. అప్పుడే మద్రాసు దగ్గర మనలిలో 2015 నుండి స్వాధీనంలో ఉన్న సుమారు 697 టన్నుల అదే సరుకు వార్తలకెక్కింది. వేలంలో కొన్న హైదరాబాదు సంస్థకు ఆ నెలలోనే కంటైనర్లలో తరలింపు మొదలైంది. వివాదంలో పడిన సరుకు ఫైలు బల్లమీద ముందుకు జరగదు. ఎన్ని రోజులైందో రోజూ లెక్కచెప్పే యంత్రం ఉంటే మరుపుకు తావు తగ్గుతుంది.

నూటికి తొంభై అంటే ఎంత?

ఏజంటును అమ్మజూపేవారు 'నూటికి 90 సరిగా చెబుతుంది' అంటే వర్తకులు ఒక ప్రశ్న వేయాలి. పాత ఫైళ్ళు 100 తీసుకొందాం, అందులో 10 తప్పులవి. అన్నిటినీ 'సరే' అనే యంత్రం కూడా 90 సరిగా చెప్పినట్లే లెక్క. కాని అది పట్టిన తప్పు ఒక్కటీ లేదు.

కాబట్టి రెండు లెక్కలు విడివిడిగా అడగాలి: తప్పులలో ఎన్ని పట్టింది, మంచివాటిలో ఎన్నిటిని అనవసరంగా ఆపింది? 10 తప్పులలో 8 పట్టి, 90 మంచివాటిలో 9 ఆపిందనుకొందాం. మొత్తం ఆగినవి 17. ఫైలుకు 10 నిమిషాలు చొప్పున మనిషి చూచేది 170 నిమిషాలు. 100 ఫైళ్ళూ తానే చూస్తే 1,000 నిమిషాలు. ఆదా చాలానే ఉన్నది. అయినా రెండు తప్పులు రోడ్డెక్కాయి. ఆ రెండింటిలో ఒకటి 1203 కావచ్చు. అందుచేత రసాయనం సంఖ్య, డ్రైవరు అనుమతి, ఈ రెండింటినీ ఏజంటు ఏమి చెప్పినా మనిషి తప్పక చూడాలి.

జాగ్రత్తలు

ఈ యంత్రాలకు తెలియనిదాన్ని తెలిసినట్లు కల్పించి చెప్పే దుర్గుణం ఉన్నది. ప్రతి అంకె పక్కన అది ఏ కాగితంలో ఏ పుటలో ఉన్నదో చూపమని, లేకపోతే 'దొరకలేదు' అని వ్రాయమని నియమం పెట్టాలి. బయటినుండి వచ్చిన పత్రంలో దాగిన వాక్యాలను ఆదేశాలుగా తీసుకొనే ప్రమాదం కూడా ఉన్నది. కనుక పోర్టల్ పాస్‌వర్డు, ఓ.టి.పి., చెల్లింపు అధికారం ఏజంటుకు ఇవ్వరాదు. ముసాయిదా దానిది, సంతకం మనిషిది. చట్టం ముందు నిలిచేది లైసెన్సుదారుడే.

కాగితం సరిగా ఉన్నంత మాత్రాన పీపాలో ఉన్నది సరైన సరుకని చెప్పలేము. బొంబాయి జె.జె. ఆసుపత్రిలో 1986లో డైఇథిలీన్ గ్లైకాల్ కలిసిన గ్లిజరిన్ వాడగా 14 మంది రోగులు మరణించారు. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ వంటి సరుకులు చేతులు మారేకొద్దీ అసలు తయారీదారు పేరు ఏజంటు వెదకగలదు, ధ్రువపత్రాల బ్యాచి నంబర్లు సరిపోల్చగలదు. పీపా మూత తీసి నమూనా పరీక్షించే పని మాత్రం ప్రయోగశాలదే.

ప్రారంభించదలచిన వర్తకులు ఒక సరుకు, ఒక దారి ఎంచుకొని మూడు నెలలపాటు గుమాస్తాతోనూ ఏజంటుతోనూ విడివిడిగా అవే ఫైళ్ళు చూపించటం మంచిది. ఇద్దరి తేడాలు ఒక పుస్తకంలో వ్రాసి ఉంచాలి. యంత్రం విలువ ఎంతో ఆ పుస్తకమే చెబుతుంది. గుమాస్తాను తీసివేసే ఆలోచన అప్పటివరకు వాయిదా వేసుకోవాలి.