మూలకణ మార్పిడితో హెచ్.ఐ.వి. నయమవుతుందా?



"అమ్మా, ఎముకలోని మూలుగ మారిస్తే హెచ్.ఐ.వి. పోతుందట కదా! కొబ్బరితోట అమ్మయినా చేయించుకుంటాం" అని కొందరు అడుగుతున్నారు.

నయమైనవారున్న మాట నిజమే. తిమోతి రే బ్రౌన్ అనే అమెరికా దేశస్థునికి హెచ్.ఐ.వి.తోపాటు రక్త క్యాన్సర్ వచ్చింది. జర్మనీలోని బెర్లిన్‌లో 2007, 2008లో రెండుసార్లు మూలకణాలు మార్చారు. హెచ్.ఐ.వి. సాధారణంగా సి.సి.ఆర్.5 అనే తలుపు గుండా కణంలోకి ప్రవేశిస్తుంది. దాత కణాలకు ఆ తలుపు లేదు. 2020లో క్యాన్సర్ తిరగబెట్టి ఆయన మరణించేవరకు హెచ్.ఐ.వి. మాత్రం తిరిగి రాలేదు.

అయితే ఆ చికిత్స చేసింది క్యాన్సర్ కోసం. ముందు బలమైన మందులతో పాత మూలుగను నాశనం చేయాలి. అందులో ప్రాణాపాయం ఉంది. అలాంటి దాతలు ఉత్తర ఐరోపాలోనే నూటికి ఒకరు, మన దేశంలో మరీ అరుదు. అందుకే ఇలా నయమైనవారు ప్రపంచమంతటా కొద్దిమందే.

మనకున్న మార్గం ఏ.ఆర్.టి. మాత్రలు. ప్రభుత్వం 2004 నుండి ఉచితంగా ఇస్తోంది. రోజూ తప్పక వేసుకుంటే వైరస్ పరీక్షలో కనబడనంతగా తగ్గుతుంది. అలా నిలిచి ఉన్నంతకాలం కలయిక ద్వారా భార్యకు గాని భర్తకు గాని సోకదు. మానితే కొద్ది వారాలలోనే మళ్ళీ పెరుగుతుంది.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మన ఉద్దానం వారు మరొకటి గమనించాలి. ఈ మాత్రలో ఉండే టెనోఫోవిర్ కొందరి కిడ్నీలను దెబ్బతీయవచ్చు. చెప్పిన సమయానికి క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. తేడా ఉంటే డాక్టరుగారే మందు మారుస్తారు.

తోట అమ్మవద్దు, మాత్ర మానవద్దు. ప్రభువు మిమ్మును కాపాడును గాక.