గోరింట కంచెలో గూడు

ప్రశ్న: మా గోరింట కంచె వీధిలోకి పెరిగింది. ఈ వేసవిలో కత్తిరిద్దామంటే లోపల పిట్టగూడు కనిపించింది. ఏం చేయమంటారు?

జవాబు: కొన్నాళ్లు ఆగండి. చిన్న గిన్నెలాంటి గూడు, లేత గులాబీ రంగు మీద ఎర్రమచ్చల గుడ్లు ఉంటే అది పికిలిపిట్టదే అయివుంటుంది. పొదగడానికి దాదాపు రెండు వారాలు, పిల్లలు గూడు వదలడానికి ఇంచుమించు మరో రెండు. వీధికి మరీ అడ్డమైన కొమ్మలుంటే, గూటికి దూరంగా ఉన్నవాటినే చేతికత్తెరతో తీయండి. మిషను మాత్రం వద్దు. గూటిపై ఆకు పోతే గుడ్లకు ఎండ తగులుతుంది, కాకి కంట్లోనూ పడతాయి.

మన దగ్గర వేసవి మొదలు వానాకాలం చివరిదాకా ఏదో ఒక పిట్ట గూడు కడుతూనే ఉంటుంది. కాబట్టి గట్టి కత్తిరింపు నవంబరు, డిసెంబరుల్లో పెట్టుకోండి. అప్పుడూ ముందుగా కొమ్మలు తప్పించి చూడాలి. ఆకుల అంచులు కలిపి కుట్టి ఉంటే అది దర్జీపిట్ట పని. లోపల ఖాళీ అని తేలాకే కత్తెర వేయండి.