రంగము నుండి వచ్చిన వంట

మానవుడు దేశాంతరమునకు పోవునపుడు ధనమును, వస్త్రములను మాత్రమే గాక తన యింటి వంటను గూడ వెంట గొనిపోవును. మరలి వచ్చునపుడు ఆ దేశపు రుచులను కొన్నింటిని తెచ్చుకొనును. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల ప్రజలకు బర్మాదేశముతో గల సంబంధము ఇందుకు చక్కని నిదర్శనము.

ఆంగ్లేయుల పాలనలో ఈ ప్రాంతములు గంజాము, విశాఖపట్టణము జిల్లాలలో చేరియుండెను. వానలు కురియని యేండ్లలో ఇచ్చటి కూలివారికి పని దొరకెడిది కాదు. 1866వ సంవత్సరమున గంజాము జిల్లాను ఘోరమైన కరవు పీడించెను. ఇదే కాలమున సముద్రపు ఆవలి తీరమున, 1852లో ఆంగ్లేయుల వశమైన దిగువ బర్మాలో, ఐరావతీ నది తీరభూములు వరిపొలములుగా మారుచుండెను. పంటకోతలకు, బియ్యపు మిల్లులకు, ఓడరేవులకు వేలకొలది పనివారు అవసరమైరి. బారువ, కళింగపట్టణము, భీమునిపట్టణము, విశాఖపట్టణము రేవులలో పొగయోడల నెక్కి మనవారు రంగూను నగరమునకు పోవుచుండిరి. పల్లెలవారు ఆ నగరమును ‘రంగము’ అని పిలిచిరి. కోరంగి రేవు పేరిట అచ్చట తెలుగువారికి ‘కోరంగీలు’ అను పేరు వచ్చెను.

ఇంటికడ చోడి అంబలి త్రాగి పనికి పోవువారు అచ్చట క్రొత్త వంటలను చూచిరి. బర్మీయులు ప్రాతఃకాలమున ‘మోహింగా’ అను ఆహారమును భుజింతురు. చేపలను ఉడికించి, అల్లము, వెల్లుల్లి, పసుపు, నిమ్మగడ్డి చేర్చి, అరటి దూట ముక్కలు వేసి, సెనగపిండితో చిక్కపరచి పులుసు కాచుదురు. దానిని బియ్యపుపిండితో చేసిన సన్నని పోగులపై పోసికొందురు. అరటి దూటకు ఆవ పెట్టి కూర వండుకొను మన పల్లెవారికి ఈ వంట క్రొత్తదే యైనను పూర్తిగా పరాయిది కాదు. మరియొక వంట ‘ఖౌస్వే’. పొడవైన పోగులను ఉడికించి, కొబ్బరిపాలు, సెనగపిండి చేర్చిన కోడిపులుసును వాటిపై పోసి, వేయించిన ఉల్లిని, ఉడికించిన గ్రుడ్డును, మిరపపొడిని, నిమ్మరసమును చేర్చుదురు.

రుచులు ఒకవైపు మాత్రమే ప్రయాణము చేయలేదు. దక్షిణభారతీయుల దోసె బర్మాలో ‘తోషే’ అను పేరుతో నిలిచినది.

1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానములు రంగూనుపై బాంబులు కురిపించెను. ఓడలలో చోటు దొరకని భారతీయులు లక్షలకొలదిగా అడవుల వెంట, కొండల వెంట కాలినడకన స్వదేశమునకు బయలుదేరిరి. ఆకలిచేతను, వ్యాధులచేతను త్రోవలోనే వేలకొలది జనులు మరణించిరి. యుద్ధానంతరము కొందరు మరల బర్మాకు పోయిరి. కాని 1962లో అచ్చట సైనిక ప్రభుత్వము ఏర్పడి, తరువాత అంగళ్ళను, వర్తకమును స్వాధీనము చేసికొనెను. 1964 మొదలుకొని లక్షకు పైగా భారతీయులు తిరిగి వచ్చిరి. వారు గడించిన ఆస్తిలో ఎక్కువ భాగము అచ్చటనే నిలిచిపోయెను.

విశాఖపట్టణమున కంచరపాలెము ప్రాంతములోని ‘బర్మా క్యాంపు’ అను పేట ఆ రాకకు నేటికిని సాక్ష్యము. ఓడ దిగినవారికి ఇండ్లు లేవు, భూములు లేవు. కాని చేతిలో వంట యున్నది. అధికారులు పెట్టెలను సోదా చేయగలరు గాని, తల్లి చేతికి తెలిసిన ఉప్పుకారముల పాళ్ళను సోదా చేయలేరు. ఆ వంటయే కొన్ని కుటుంబములకు జీవనాధారమైనది. సాయంకాలములందు బండ్లపై ఖౌస్వే అమ్మి వారు పిల్లలను పోషించుకొనిరి.

ఇట్టి కథ మధ్యధరా సముద్రతీరమునను కలదు. 1923లో గ్రీసు, టర్కీ దేశముల ఒప్పందము ననుసరించి సుమారు 12 లక్షల మంది గ్రీకు క్రైస్తవులు ఆసియా మైనరులోని తమ జన్మస్థానములను విడిచి గ్రీసు చేరవలసి వచ్చెను. స్మిర్నా నగరమునుండి వచ్చిన స్త్రీలు జీలకర్ర, వెల్లుల్లి చేర్చిన మాంసపు ముద్దలను టమాటా పులుసులో వండిరి. నగరము వారికి దక్కలేదు. స్మిర్నా పేరు మాత్రము ఆ వంటకు నిలిచినది. నేడు గ్రీసులో అది సామాన్యమైన ఇంటివంట.

బాలబాలికలారా! ఇతరులు తినెడి తిండిని చూచి నవ్వుట సులభము. ఆ తిండి ఎంత దూరము నడచి వచ్చినదో తెలిసినవాడు నవ్వజాలడు. 1964లో తల్లి చేయి పట్టుకొని ఓడ దిగిన పసివారు నేడు వృద్ధులు. మీ యింటనో, మీ వీథిలోనో రంగమును చూచిన తాతగాని, అమ్మమ్మగాని ఉన్నచో వారి చెంత కూర్చుండి, అచ్చట ఏమి వండుకొనిరో, ఎట్లు వండుకొనిరో అడుగుడు. వారు చెప్పినదానిని వ్రాసి యుంచుడు. ఆ మాటలు మన జిల్లాల చరిత్రలోని భాగములే.