మన ఊరి పాత రాళ్లు

ఊళ్లో పాత గుడి ఉంటుంది. పాత బురుజు ఉంటుంది. మెట్ల బావి ఉంటుంది. చెరువు కట్ట మీద ఒక రాయి నిలబెట్టి ఉంటుంది. ఆడవాళ్లు రోజూ వాటి పక్క నుంచే పొలానికి పోతారు, నీళ్లకు పోతారు. వాటిని ఎవరు కట్టించారు? ఎప్పుడు కట్టించారు? ఊళ్లో అడిగితే "ఏమో, తాతల నాటివి" అంటారు.

కొన్నిటికి జవాబు తెలుసు. ఆ జవాబు ఎక్కువగా రాళ్ల మీదనే దొరికింది.

జగిత్యాల కోట

జగిత్యాల పట్టణానికి ఉత్తరాన పెద్ద కోట ఉంది. దాన్ని 1747లో కట్టారు. కట్టించినవాడు జఫరుద్దౌలా. ఇతన్నే ఇబ్రహీం ఖాన్ ధంసా అని కూడా అంటారు. ఫ్రెంచి ఇంజనీర్లు ఈ కోట కట్టారు.

కోట నక్షత్రం ఆకారంలో ఉంటుంది. అది అందం కోసం కాదు. గోడ సూటిగా ఉంటే, గోడ కిందికి వచ్చిన శత్రువు పైనున్న వాళ్లకు కనిపించడు. మూలలు ముందుకు పొడుచుకొని వస్తే పక్క మూల నుంచి కనిపిస్తాడు. చుట్టూ కందకం కూడా తవ్వారు. ఆ గోడ ఒక్క పక్క కూలినా ఈ తెలివి అంతా కనబడకుండా పోతుంది.

కురిక్యాల బండ

కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల ఉంది. అక్కడి బొమ్మలగుట్ట మీద జైన దేవతల బొమ్మలు చెక్కి ఉన్నాయి. వాటి కింద బండ మీద అక్షరాలు ఉన్నాయి. ఇలా రాతి మీద చెక్కిన రాతను శాసనం అంటారు.

ఈ శాసనం సుమారు క్రీ.శ. 945 నాటిది. చెక్కించినవాడు జినవల్లభుడు. ఇతని అన్న పంపకవి. పంపడు కన్నడ భాషలో మొదటి పెద్ద కవి. వేములవాడ రాజు రెండవ అరికేసరి దగ్గర ఉండేవాడు. ఆ వేములవాడ ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉంది.

బండ మీద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. తెలుగులో కంద పద్యాలు ఉన్నాయి. నన్నయ భారతం రాయడానికి సుమారు వందేళ్ల ముందే ఇక్కడ తెలుగు పద్యం రాతికెక్కింది. జినవల్లభుడు ఇందులో తల్లి పేరు కూడా రాయించాడు. ఆమె పేరు అబ్బణబ్బె. వెయ్యేళ్లు దాటినా ఆ తల్లి పేరు నిలిచింది.

కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైటు కోసం ఎన్నో గుట్టలు పగలగొట్టారు. ఈ బండ కూడా పగిలితే మళ్లీ రాయించేవాళ్లు లేరు.

రాయి చెప్పిన సంగతులు

మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో పెద్ద చెరువు ఉంది. కాకతీయ గణపతిదేవుని చెల్లెలు మైలమ దాన్ని తవ్వించింది. ఇది 13వ శతాబ్దం మాట. ఆ సంగతి అక్కడి శాసనంలో ఉంది.

రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. ఇదీ శాసనమే చెప్పింది. 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది.

అత్తా కోడళ్ల మాట

రాయి తెచ్చుకునే సంగతి వస్తే ఇంట్లో ఇలాంటి మాటలే నడుస్తాయి.

"కట్ట మీద ఊకెనే పడి ఉన్న రాయే గదా బిడ్డా. ఇంటికి తెచ్చుకుందాం. బట్టలుతికెటందుకు మంచిగుంటది."

"వద్దు అత్తమ్మా. దాని మీద అక్షరాలున్నయి."

"గా అక్షరాలు నీకు సదువొస్తయా?"

"నాకు రావు. అవి పాత అక్షరాలు. సదివెటోళ్లు వేరే ఉన్నరు. గనీ రాయి ఆడ్నే ఉండాలె. మనింటికి తెస్తే అది ఏ చెరువు రాయో ఎవరికి ఎరుక?"

"మరి సర్కారోళ్లొచ్చి బోర్డు పెడ్తే భూమి పోతదంటరు?"

"బోర్డు పెట్టంగనే భూమి పోదు. పక్కన కొత్తగ ఇల్లు కట్టాలంటే మాత్రం ముందుగాల అడగాలె."

కోడలి మాట నిజమే.

చట్టం ఏమంటుంది?

ప్రభుత్వం కాపాడే పాత కట్టడాన్ని రక్షిత కట్టడం అంటారు. కొన్నిటిని కేంద్రం చూస్తుంది. కొన్నిటిని రాష్ట్రం చూస్తుంది. కేంద్ర చట్టం 1958లో వచ్చింది. 2010లో దాన్ని గట్టి చేశారు. కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త ఇల్లు కట్టరాదు. అది దాటాక ఇంకో 200 మీటర్ల వరకు అనుమతి తీసుకోవాలి. కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జుర్మానా, లేదా రెండూ పడవచ్చు. తెలంగాణ రాష్ట్రం 2017లో తన వారసత్వ చట్టం చేసింది.

అయితే ఊళ్లోని పాత కట్టడాలన్నీ రక్షిత కట్టడాలు కావు. బోర్డు లేనివే ఎక్కువ. వాటికి ఊరివాళ్లే కాపలా.

చేయకూడనివి

శాసనం మీద సున్నం, రంగు వేయరాదు. గీతల్లో సున్నం నిండితే అక్షరం కనబడదు.

పాత గోడకు సిమెంటు పూయరాదు. లోపలి తేమ బయటికి పోదు. గోడ గుల్లబారుతుంది.

గోడలో రావి మొక్క, మర్రి మొక్క పెరగనీయరాదు. చిన్నగా ఉన్నప్పుడే కోయాలి. పెద్దదయ్యాక పీకితే గోడ రాళ్లు కూడా ఊడి వస్తాయి.

లంకెబిందెల కోసం తవ్వనీయరాదు. రాత్రిపూట దొంగతనంగా తవ్వేవాళ్లు గుడిని కూలుస్తారు, విగ్రహాన్ని పెకిలిస్తారు. అలాంటివాళ్లు కనబడితే పోలీసులకు చెప్పాలి. భూమిలో నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. దాచిపెడితే శిక్ష ఉంది.

దరఖాస్తు రాయండి

గ్రామసభలో మాట్లాడండి. పది మంది సంతకాలు పెట్టి ఇలా రాయండి.

జిల్లా కలెక్టరు గారికి,
మా ఊరు ............ , మండలం ............ .
మా ఊళ్లో పాత ............ (గుడి / బురుజు / బావి / శాసనం) ఉన్నది. అది పాడైపోతున్నది. వారసత్వ శాఖ వారిని పంపి చూపించగలరు. దానిని కాపాడగలరు.
ఇట్లు,
............ గ్రామ మహిళలు

దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. నకలు ఒకటి దగ్గర పెట్టుకోండి.

జవాబులు రాయండి

1. జగిత్యాల కోట ఎప్పుడు కట్టారు?
2. కురిక్యాల బండ మీద ఏయే భాషలు ఉన్నాయి?
3. శాసనం ఉన్న రాయిని చోటు మార్చితే ఏం నష్టం?
4. మీ ఊళ్లో అందరికంటే పెద్ద వయసు అవ్వను అడగండి. పాత కట్టడం గురించి ఆమె చెప్పింది అయిదు వాక్యాల్లో రాయండి. కింద ఆమె పేరు కూడా రాయండి.