తంబూరా ముందు కూర్చో తల్లీ

ముదిగుబ్బ

మేనకోడలికి,

ఏ స్వరం వినబడినా దాని పేరు టక్కున చెప్పే చెవి నీకు లేదనీ, పదహారేళ్లు నిండాక ఇక రాదేమోననీ, అలాంటప్పుడు గాత్రం నేర్చుకోవడం దండగేమోననీ రాశావు. ఫోన్లో స్వరాలు గుర్తుపట్టే ఆట రోజూ గంటసేపు ఆడి ఓడిపోతున్నావట. ఆ గంట తంబూరాకు ఇవ్వమని చెప్పడానికే ఈ ఉత్తరం. నువ్వు వెతుక్కుంటున్న చెవి వేరు, నువ్వు పాడబోయే సంగీతం అడిగే చెవి వేరు.

నువ్వు లేదంటున్న ఆ చెవినే పర్ఫెక్ట్ పిచ్ అంటారు. దానికి ముందు ఒక పాతిన గుంజ కావాలి. పాశ్చాత్య సంగీతంలో సెకనుకు 440 కంపనాలుండే స్వరాన్ని అందరూ ‘ఎ’ అనుకోవాలని 1939లో లండన్‌లో ఒప్పందం కుదిరింది. అంతకుముందు 1859లో ఫ్రాన్సు అదే స్వరాన్ని 435 దగ్గర స్థిరపరిచింది. అంటే ఆ గుంజ కూడా మనుషులు పాతిందే, జరిపిందే. మన పద్ధతిలో అసలు గుంజే లేదు. మగవాళ్లు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడతారు. ఆడవాళ్లు ఐదు, ఐదున్నరలో. ఎవరి గొంతుకు ఎక్కడ హాయిగా ఉంటే అక్కడే షడ్జమం. మోహన రాగం ఏ శ్రుతిలో పాడినా మోహనే. స నుంచి గ ఎంత దూరం, ప ఎంత దూరం అనేది చెవికి పట్టుబడడమే శ్రుతిజ్ఞానం. మన పెద్దలు దానికే పెద్దపీట వేశారు.

దీనికి నాకు కనబడే గట్టి సాక్ష్యం మన వైపే ఉంది. పాత అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో 1893లో పుట్టిన అనంతకృష్ణశర్మగారు తిరుపతిలో అన్నమయ్య కీర్తనలకు వరుసలు కట్టారు. ఆ కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద పాట ఉంది, రాగం పేరు ఉంది. ఎలా పాడాలో చెప్పే స్వరలిపి మాత్రం లేదు. అన్నమయ్య ఏ శ్రుతిలో పాడాడో చెప్పగలవాళ్లు ఎవరూ లేరు. అయినా ఆ కీర్తనలు మళ్లీ గొంతుల్లోకి వచ్చాయంటే, రాగం స్వరాల మధ్య దూరాల్లో బతుకుతుంది కాబట్టే. ఒక్కో స్వరపు కంపనాల కొలతే ముఖ్యమైతే ఆ రేకులు మూగగానే ఉండిపోయేవి.

చెవి పుట్టుకతో రావాలి కదా మామా అంటావు. పర్ఫెక్ట్ పిచ్ పదివేల మందిలో ఒకరికి ఉంటుందని తరచూ చెప్పే మాట. కానీ పరిశోధకురాలు డయానా డాయిచ్ బృందం 2006లో ప్రచురించిన పరిశీలన చూడు. నాలుగైదేళ్ల వయసులో సంగీతం మొదలుపెట్టిన విద్యార్థుల్లో బీజింగ్ సంగీత కళాశాలలో దాదాపు 60 శాతం మందికి ఆ శక్తి ఉంటే, అమెరికాలోని ఈస్ట్‌మన్ స్కూల్లో 14 శాతం మందికే ఉంది. చైనా భాషలో పలికే స్థాయి మారితే మాట అర్థమే మారిపోతుంది. ఆ పిల్లలు మాటలతోపాటే స్వరాన్నీ పట్టుకుంటున్నారని ఆ పరిశోధకుల అభిప్రాయం. నువ్వు తెలుగింట్లో పుట్టి, పెద్దయ్యాక పాట మొదలుపెట్టావు. అది నీ ప్రతిభలో లోపమెలా అవుతుంది? పైగా 1994లో పరిశోధకుడు డేనియల్ లెవిటిన్ మామూలు విద్యార్థుల చేత వాళ్లకిష్టమైన పాటలు రెండేసి పాడిస్తే, 40 శాతం మంది రెండింట్లో ఒక్కసారైనా రికార్డులో ఉన్న శ్రుతిలోనే ఎత్తుకున్నారు. స్వరం జ్ఞాపకముండడం అందరిలోనూ ఎంతో కొంత ఉంది, పేరు చెప్పడమే రాదు.

సాధనతో పెద్దవాళ్లలో కొందరికి పర్ఫెక్ట్ పిచ్ వచ్చిందని 2019లో ఒక ప్రయోగం చూపిన మాట నిజమే. నేను కాదనను. అయితే ఆ శక్తి ఉన్నవాళ్లలోనే చాలామందికి నడివయసు దాటాక స్వరాలు ఉన్నచోటు కంటే పైన వినబడడం మొదలవుతుంది. తెలిసిన పాట తప్పు శ్రుతిలో ఉన్నట్టు తోచి ఇబ్బంది పడతారు. దూరాలు నేర్చిన చెవికి ఆ బాధ లేదు, ఎందుకంటే స జరిగితే గ కూడా దాంతోపాటే జరుగుతుంది.

సాధనతో చెవి ఎలా పదునెక్కుతుందో తెలియాలంటే తప్పెట వాయించేవాళ్లను చూడు. మంట దగ్గర తప్పెట కాచి, వేలితో తట్టి, ఇంకా కాయాలా చాలా అన్నది వినే తేల్చుకుంటారు. ఎండిన శెనక్కాయను చెవి దగ్గర ఊపి, గలగల వింటే లోపల గింజ ఆరిందో లేదో రైతుకు తెలుస్తుంది. ఈ చెవులు ఎవరి దగ్గరా స్వరాల పేర్లు నేర్చుకోలేదు. రోజూ ఒకే పని మీద నిలబడడం వల్ల పదునెక్కాయి.

తంబూరా లేదు, రామాలయంలో భజన హార్మోనియం ఉంది, దాంతో సరిపెట్టుకోవచ్చా అని కూడా అడిగావు. హార్మోనియాన్ని చిన్నచూపు చూడకు, ఊళ్లలో ఎన్నో గొంతులను శ్రుతిలో నిలిపింది అదే. కానీ దాని మెట్లు బిగించినవి. పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని వంద పాళ్లు చేస్తే, దాని అంతర గాంధారం తంబూరా పలికేదానికంటే దాదాపు 14 పాళ్లు పైన ఉంటుంది. మెట్ల మీద గమకం పలకదు. 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి దాన్ని దూరంగా ఉంచడానికి ఇలాంటి అభ్యంతరాలూ ఒక కారణం. నీ ఫోన్లోనే అసలు తంబూరా రికార్డింగు పెట్టుకో. ఇయర్‌ఫోన్ తప్పనిసరి; ఫోన్ స్పీకరు మంద్రాన్ని మోయలేదు.

తంబూరాకు నాలుగు తీగలు: పంచమం, రెండు షడ్జమాలు, మంద్ర షడ్జమం. గుర్రం మీద తీగ కింద నూలుపోగు ఉంటుంది, దాన్నే జీవ అంటారు. ఆ పోగు వెంట్రుకవాసి జరిగితే మొద్దుగా ఉన్న తీగ ఒక్కసారిగా తేనెటీగల తుట్టెలా విచ్చుకుంటుంది. రికార్డింగులో మంద్రం మోగాక చివరిదాకా విను. ఎవరూ మీటని గాంధారం ఒకటి లోపల్నుంచి లేస్తుంది. తీగ మొత్తంగా ఊగుతూనే ఐదు భాగాలుగా కూడా ఊగుతుంది, ఆ ఐదో భాగం పలుకే అది. మాయామాళవగౌళ సరళీవరుసల్లో నువ్వు రోజూ పాడే గాంధారం అదే తల్లీ.

మొదటి నెల స, ప చాలు. గొంతు కొంచెం పక్కకుంటే తంబూరాతో కలిసి అలలు వినబడతాయి. దగ్గరికొచ్చేకొద్దీ అలలు నెమ్మదిస్తాయి, కలిసినప్పుడు ఆగిపోతాయి. తరువాత నెల గ చేర్చు. ఆ పైన ఒకరోజు ఐదు, మరురోజు ఐదున్నర శ్రుతి పెట్టుకుని అవే పాడు. ఆ గాంధారం మొదటిసారి వినబడిన రోజున నాకో ముక్క రాయి.

మీ మామ