ఎలుకల గదిలో ఉద్యోగానికి వెళ్తున్నారా?

కలికిరి, మదనపల్లె, కుప్పం వైపు బీఎస్సీ చదివిన పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ప్రయోగాల జంతువులను ఉంచే యానిమల్ హౌస్‌లో చేరితే మొదట అప్పజెప్పేవి మేత తూచడం, నీళ్లు పెట్టడం, పంజరాలు కడగడం. ఇవి చిన్న పనులని ఎవరన్నా నమ్మకండి. పోషక లోపం మీద చేసే ప్రయోగం చెడిపోయేది ఇక్కడే.

మేతలో ఒక పోషకం తీసేస్తే ఏమవుతుందో మేత ఒక్కటే తేల్చదు, హార్మోన్లూ తేలుస్తాయి. కోలిన్ అనే పోషకం లేని మేతతో మగ ఎలుకల కాలేయానికి కొవ్వు పడుతుంది, ఆడవాటికి అంతగా పట్టదు. ఈస్ట్రోజెన్ అండతో వాటి కాలేయం కొంత కోలిన్ తానే తయారుచేసుకుంటుంది. థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైన ఎలుకలో బీ1 లోపం త్వరగా బయటపడుతుంది. అందుకే పంజరం కార్డు మీద ఆడో మగో, వయసెంతో, చూలుతో ఉందో లేదో తప్పకుండా రాయాలి.

పోషక లోపం తిరిగి హార్మోన్ గ్రంథులనూ మారుస్తుంది. కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే శాస్త్రవేత్త పావురాలకు పాలిష్ బియ్యం పెట్టి చూస్తే, తక్కిన అవయవాలు చిక్కిపోతుంటే అడ్రినల్ గ్రంథులు మాత్రం పెరిగాయి. 1918లో అక్కడ మొదలైన పరిశోధనశాలే 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఒకేలాంటి తిండి తినే పేద పిల్లల్లో ఒకరు ఎండిపోతే మరొకరికి ఒళ్లెందుకు వాస్తుందన్న ప్రశ్నకు, ఒంటి సర్దుబాటులోని తేడాలో సమాధానం వెతికారు అక్కడి శాస్త్రవేత్త సి. గోపాలన్. అడ్రినల్ హార్మోన్ కండను కరిగించి అమైనో ఆమ్లాలను కాలేయానికి అందిస్తుంది; ఆ సర్దుబాటులో దానికి పెద్ద పాత్ర ఉంది.

ఇదే హార్మోన్ ఎలుక బెదిరినా పెరుగుతుంది. కాబట్టి గదిలో చప్పుడు చేయకండి, తోక పట్టి లాగకండి, ప్రయోగం మొదలవకముందే మీ చేతికి దాన్ని అలవాటు చేయండి. సాయంత్రం చీకటి పడేవేళ ఆ హార్మోన్ సహజంగానే ఎక్కువ. ఒక గుంపు నెత్తురు పొద్దునా, ఇంకో గుంపుది సాయంత్రమూ తీస్తే ఆ పోలికకు విలువ లేదు.

లోపం ఉన్న ఎలుక మేత తక్కువ తింటుంది. ఏది పోషక లోపం వల్ల, ఏది ఆకలి వల్ల అని విడదీయాలంటే పోల్చే ఎలుకకూ అంతే తూచి పెట్టాలి. ఎలుకలు తమ పెంటికలు తిని బీ విటమిన్లు తిరిగి పొందుతాయి. అందుకే పెంటికలు కిందికి జారిపోయేలా జాలీ అడుగున్న పంజరం వాడతారు.

ఇంటర్వ్యూలో మీరూ ఒక ప్రశ్న అడగండి: జంతు ప్రయోగాల నైతిక కమిటీ అనుమతి పత్రం ఎక్కడుంటుంది, కొత్తగా చేరినవాళ్లు చదవొచ్చా?